మన షోరూముకు ఏ కారు రావాలో తేల్చే లెక్కలు

విజయవాడలో బెంజ్ సర్కిల్ తెలియనివారు ఉండరు. ఆ పేరు కార్ల వల్ల రాలేదు. ఒకప్పుడు ఆ దగ్గర్లో బెంజ్ లారీల షోరూము ఉండేదని, కూడలికి ఆ పేరే నిలిచిపోయిందని పెద్దలు చెబుతారు. టాటాల టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి ఇక్కడ లారీల తయారీ మొదలుపెట్టింది. 1969 దాకా సాగిన ఆ ఒప్పందం వల్ల ఆంధ్రా రోడ్ల మీద చాలాకాలం బెంజ్ అంటే లారీయే. అదే ఏళ్లలో అదే కంపెనీ జర్మనీలో డబ్బున్నవారికి కార్లు అమ్ముతోంది. గుర్తు ఒకటే, వాళ్లకు కారు, మనకు లారీ. కార్ల కోసం ఆ కంపెనీ మన దేశానికి వచ్చింది 1994లో, అంటే లారీలు మొదలైన నలభై ఏళ్లకు.

అప్పట్లో ఇక్కడ కారు కొనగలవారు కొద్దిమంది. సరుకు మోసే బండికి గిరాకీ ఎక్కువ. దిగుమతులకు దాదాపు తలుపులు మూసే ఉన్నాయి. కంపెనీ లారీని ఎంచుకోవడానికి ఈ మూడూ చాలు. ఇప్పుడు పరిస్థితులు మారాయి కానీ, లెక్క వేసే పద్ధతి పెద్దగా మారలేదు.

2025 సెప్టెంబర్ 22న కార్ల మీద జీఎస్టీ మారాక విజయవాడ, గుంటూరు షోరూముల్లో అడిగే ప్రశ్నలు పెరిగాయి. అమెరికాలో అబ్బాయి నడిపే హోండా అకార్డ్ ఇక్కడ 2020 తర్వాత ఎందుకు కనిపించడం లేదు? నిన్నటిదాకా ఉన్న చిన్న లగ్జరీ కార్లను ఎందుకు ఆపేశారు? అవే కంపెనీలు కోటి దాటిన మోడళ్లను మాత్రం ఎందుకు వరసపెట్టి దించుతున్నాయి?

క్లుప్తంగా చెప్పాలంటే: కంపెనీ ముందుగా చూసేది పన్ను గీత ఎక్కడ పడింది, తయారీకి పెట్టిన పెట్టుబడిని ఎన్ని కార్ల మీద పంచవచ్చు, ఒక్కో కారు మీద ఎంత మిగులుతుంది అన్నవి. కొనేవారి ఇష్టం వీటి తర్వాతే లెక్కలోకి వస్తుంది. లగ్జరీ కార్ల విషయంలో దిగుమతి సుంకం మరో పెద్ద అంశం.

పెళ్లి మండపం లెక్క

మండపానికి రెండు వందల మంది వచ్చినా, రెండు వేల మంది వచ్చినా అద్దె ఒకటే. వచ్చినవారి సంఖ్యను బట్టి మనిషికి పడే ఖర్చు మారుతుంది. కారు తయారీలో అచ్చులు, రోబోలు, డిజైన్, క్రాష్ టెస్టులు, ఇంజిన్ పరీక్షలు ఇలాంటి మండపం ఖర్చులు. ఒక్క కారు కూడా అమ్మకముందే ఇదంతా పెట్టాలి. కొత్త కారు కాగితం మీది నుంచి రోడ్డు మీదికి రావడానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

ఉదాహరణకు ఒక మోడల్ కోసం 1000 కోట్లు పెట్టారనుకుందాం. లక్ష కార్లు అమ్మితే ఆ ఖర్చు కారుకు లక్ష రూపాయలు. ఐదు వేలే అమ్మితే కారుకు 20 లక్షలు. రెండో కారు ఎంత గొప్పగా ఉన్నా, ఆ 20 లక్షలు భరించే కొనుగోలుదారు దొరక్కపోతే అది పుట్టదు.

అందుకే ఒక ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఒకే అడుగుభాగం మీద, నాలుగైదు కార్లు నిలబెడతారు. ఫోక్స్‌వ్యాగన్ 2012లో ఎంక్యూబీ అనే ప్లాట్‌ఫామ్ తెచ్చి, దాని మీద ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి, సీయట్ పేర్లతో కార్లు చేసింది. టొయోటా లగ్జరీ బ్రాండు లెక్సస్ అమ్మే ఈఎస్‌కూ టొయోటా క్యామ్రీకీ అడుగున చుట్టరికం ఉంది. ఇందులో మోసమేమీ లేదు. సీటు తోలు, శబ్దం లోపలికి రాకుండా చేసిన పని, సస్పెన్షన్ తీరు, వారంటీ, షోరూములో మర్యాద, ఇవి వేరు. ఖర్చు పంచుకునే భాగం కంటికి కనపడదు, డబ్బు తెచ్చే భాగం చేతికి తగులుతుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఫోక్స్‌వ్యాగన్‌దే మరో కారు ఉంది. 2002లో వచ్చిన ఫేటన్ కోసం డ్రెస్డెన్‌లో అద్దాల గోడల ఫ్యాక్టరీ కట్టారు. కారును ఇంజినీర్లు మెచ్చుకున్నారు. కానీ అంత ధర పెట్టేవాళ్లు ముందు భాగంలో ఫోక్స్‌వ్యాగన్ గుర్తు చూడటానికి ఇష్టపడలేదు. 2006లో అమెరికా మార్కెట్ నుంచి అది తప్పుకుంది. మన దగ్గర మారుతీ 2011లో కిజాషీ అనే సెడాన్‌ను జపాన్ నుంచి తెచ్చి 16 లక్షల పైన పెట్టినప్పుడూ దాదాపు ఇదే జరిగింది. మూడు, నాలుగేళ్లకే అది కనుమరుగైంది. ఆ తర్వాత 2015లో మారుతీ నెక్సా పేరుతో వేరే షోరూములు తెరిచింది. ఖరీదైన కారు అమ్మాలంటే అమ్మే చోటు కూడా మారాలని కంపెనీ గ్రహించిందనడానికి అది గుర్తు.

ఐదు మిల్లీమీటర్లు

విజయవాడ రైల్వే స్టేషన్ ముందు వరసగా ఆగి ఉండే డిజైర్ ట్యాక్సీల వెనక నిలబడి చూస్తే పన్ను చట్టం కంటికి కనిపిస్తుంది. వెనక అద్దం దిగిన చోటే డిక్కీ టక్కున ఆగిపోతుంది. రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టాక మూడోది ఒళ్లోకే. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో దాన్ని 3,995కు కుదించారు. అందం కోసం కాదు.

2006 బడ్జెట్‌లో పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించని కార్లను చిన్న కార్లుగా గుర్తించి, ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించారు. 2008లో టాటా ఇండిగో సీఎస్ ఆ గీత లోపల ఇమిడిన మొదటి సెడాన్. తర్వాత 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతీ బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, 2020లో కియా సోనెట్ వచ్చాయి. బ్రెజా, వెన్యూ, సోనెట్ మూడింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లు. వేర్వేరు కంపెనీల డిజైనర్లందరూ గీతకు ఐదు మిల్లీమీటర్ల ఇవతల ఆగారంటే, ఆ గీత గీసింది ప్రభుత్వమే. ప్రపంచంలో మరెక్కడా ఇంత పెద్ద సెగ్మెంట్, అంటే కార్ల తరగతి, ఈ కొలతతో లేదు. అందువల్ల ఇక్కడికోసం చేసిన కారును బయట అమ్మడం, బయట చేసిన కారును ఇక్కడికి తేవడం రెండూ కష్టమయ్యాయి.

2025 జీఎస్టీ మార్పులో ఒక విషయం పెద్దగా చర్చకు రాలేదు. అంతకుముందు చిన్న పెట్రోల్ కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం. నాలుగు మీటర్లు దాటి, 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న క్రెటా లాంటి వాటి మీద 45. పెద్ద ఎస్‌యూవీల మీద 50. ఇప్పుడు చిన్న కారుకు 18, మిగతా వాటన్నిటికీ 40. రెండు వైపులా పన్ను తగ్గిన మాట నిజమే. కానీ చిన్న కారుకూ క్రెటా తరగతికీ మధ్య తేడా 16 పాయింట్ల నుంచి 22కు పెరిగింది. అంటే నాలుగు మీటర్ల గోడ మరింత ఎత్తయింది. ఆ గోడ ఇవతల కార్లు రావడం ఆగకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ.

గోడ అవతల మాత్రం చిత్రం వేరు. క్రెటాకూ 40, కోటిన్నర కారుకూ 40. ముందు పెద్ద ఎస్‌యూవీకి 50 ఉండేది కాబట్టి, శాతాల్లో చూస్తే మధ్య తరగతి ఎస్‌యూవీ కంటే లగ్జరీ ఎస్‌యూవీకే ఎక్కువ తగ్గింది. కంపెనీలు పై మెట్టు వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే, ధర ఎంతైనా సరే. 40కీ 5కీ మధ్య ఉన్న దూరం వల్ల లగ్జరీ కంపెనీలు ఇక్కడ ఎలక్ట్రిక్ మోడళ్ల మీద అంత శ్రద్ధ పెడుతున్నాయి. బీఎండబ్ల్యూ 2025 జనవరిలో చెన్నైలో కూర్చిన ఐఎక్స్1 పొడుగు మోడల్‌ను 49 లక్షలకు పెట్టగలిగింది ఈ దారిలోనే.

పూర్తి కారా, పెట్టెల్లో కారా

లగ్జరీ కారు మన దేశానికి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పూర్తిగా తయారై ఓడ దిగడం. రెండోది, విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చి పుణేలోనో చెన్నైలోనో బిగించుకోవడం. 40 వేల డాలర్లు దాటిన పూర్తి కారు మీద దిగుమతి భారం 2025 బడ్జెట్ తర్వాత 110 శాతం. విడిభాగాలుగా వస్తే సుమారు 15 శాతం. జీఎస్టీ ఈ మొత్తం మీద మళ్లీ పడుతుంది. 40 లక్షల విలువ మీద ఒక దారిలో సుంకం 44 లక్షలు, మరో దారిలో 6 లక్షలు. ఉదాహరణ లెక్కే అయినా, తేడా ఎంతటిదో అర్థం కావడానికి సరిపోతుంది.

అయితే బిగించే లైను పెట్టాలంటే పెట్టుబడి కావాలి, మళ్లీ మండపం అద్దె. ఏడాదికి కొన్ని వందల కార్లయినా అమ్ముడుపోతాయన్న నమ్మకం కుదిరాకే కంపెనీ ఆ ఖర్చుకు దిగుతుంది. కొత్త మోడల్‌ను మొదట కొద్దిగా దిగుమతి చేసి, గిరాకీ చూసి, తర్వాత ఇక్కడ బిగించడం అందుకే. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2024లో రేంజ్ రోవర్‌ను పుణేలో కూర్చుతామని ప్రకటించినప్పుడు ధరలు పదుల లక్షల్లో దిగాయి. కారు మారలేదు, వచ్చిన దారి మారింది.

ఈ దార్లన్నీ ఒకే కంపెనీలో చూడాలంటే మన రాష్ట్రంలోని పెనుకొండకే పోవచ్చు. కియా అక్కడి ఫ్యాక్టరీలో 2019లో మొదట చేసింది సెల్టోస్. చిన్న హ్యాచ్‌బ్యాక్‌తో మొదలుపెట్టలేదు. ఆ తరగతిలో మారుతీ పాతుకుపోయింది, మిగిలేది తక్కువ. ఎస్‌యూవీలో అయితే సోదర కంపెనీ హ్యుందాయ్ క్రెటాకు పనికొచ్చే భాగాలే సెల్టోస్‌కూ పనికొస్తాయి. 2020లో కార్నివాల్‌ను విడిభాగాలుగా తెచ్చి అక్కడే బిగించారు. 2022లో ఈవీ6 అనే ఎలక్ట్రిక్ మోడల్‌ను పూర్తి కారుగా దిగుమతి చేశారు. ఎక్కువ అమ్మేది ఇక్కడే తయారీ, మధ్యరకం బిగింపు, అరుదైనది దిగుమతి.

కార్నివాల్ కథ ఇంకొంచెం చెప్పుకోవాలి. 2020లో దాని ప్రారంభ ధర 24.95 లక్షలు. ఇన్నోవా మీద మోజు తీరిన పెద్ద కుటుంబం తర్వాతి మెట్టుగా చూసే బండి. 2024 అక్టోబర్‌లో అదే పేరుతో కొత్త తరం వచ్చేసరికి ధర 63.90 లక్షలు. పేరు మారకుండానే కారు ఒక సెగ్మెంట్ నుంచి ఇంకో సెగ్మెంట్‌కు వెళ్లిపోయింది. పాత కార్నివాల్ కొనాలనుకుని డబ్బు పోగేసుకున్న కుటుంబాన్ని ఆ సెగ్మెంట్ వదిలేసింది. కంపెనీ వైపు నుంచి చూస్తే, తక్కువ కార్లే అమ్మి, కారుకు ఎక్కువ మిగుల్చుకునే ఏర్పాటు. ఇలాంటి మార్పు ప్రకటనల్లో ఎక్కడా రాయరు కాబట్టి కొనేవారే గమనించుకోవాలి.

కింది మెట్టు ఎందుకు మాయమవుతోంది

2022 మేలో మెర్సిడెస్ అధిపతి ఓలా కాలెనియస్ కంపెనీ కొత్త వ్యూహం చెప్పారు. పెట్టుబడిలో 75 శాతానికి పైగా పై తరగతి, మధ్య తరగతి మోడళ్లకే పోతుంది. చిన్న మోడళ్లలో ఏడు రకాలను నాలుగుకు తగ్గిస్తారు. మన దేశంలో ఏ-క్లాస్ సెడాన్ లాంటివి తగ్గిపోవడాన్ని ఈ నిర్ణయం వెలుగులో చూడాలి.

చిన్న లగ్జరీ కారుకు రెండు వైపుల నుంచీ ఒత్తిడి. 45 లక్షల దగ్గర అది నిలబడితే పక్కనే టొయోటా ఫార్చూనర్ ఉంటుంది. గుంటూరు జిల్లాలో మిర్చి వ్యాపారికి, కాంట్రాక్టరుకు, రాజకీయ నాయకుడికి ఫార్చూనర్ అంటే ఒక హోదా. కాలవ గట్టు మీదైనా, పొలం దారిలోనైనా అడుగు తగలకుండా పోతుంది. పదేళ్ల తర్వాత అమ్మినా గౌరవమైన రేటు వస్తుంది. అదే డబ్బుకు దొరికే చిన్న జర్మన్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది, వెనక సీటు ఇరుకు, వారంటీ అయ్యాక రిపేరు ఖర్చు టెన్షన్ పెడుతుంది. కింది నుంచి ఆ ఒత్తిడి. పై నుంచి, ఆ చిన్న కారు ఎక్కువగా అమ్ముడైతే బ్రాండు పలచబడుతుందన్న భయం. పనితనంలో తేడా ఉన్నంత మాత్రాన లగ్జరీ కాదు. అందరికీ దొరకకపోవడం కూడా అందులో భాగమే.

సంఖ్యలు చూస్తే, 2024లో మెర్సిడెస్ మన దేశంలో 19,565 కార్లు అమ్మింది. దేశం మొత్తం మీద ఏడాదికి నలభై లక్షలకు పైగా ప్రయాణికుల కార్లు అమ్ముడవుతుంటే, అన్ని లగ్జరీ కంపెనీలదీ కలిపి ఒక శాతం చుట్టూనే. ఇంత చిన్న మార్కెట్లో సంఖ్య పెంచి లాభపడటం కష్టం. ఒక్కో కారు ధర పెంచుకోవడం అంతకంటే తేలిక.

ఈ కంపెనీలు ఇక్కడ తప్పటడుగులు వేయకపోలేదు. 1995లో మెర్సిడెస్ పుణేలో మొదలుపెట్టిన ఈ-క్లాస్ అప్పటికే యూరప్‌లో పక్కకు తప్పుకుంటున్న తరం. ఇక్కడివాళ్లకు అదే గొప్ప అనుకున్నట్టుంది. ఆశించినన్ని అమ్ముడుపోలేదు. అంత డబ్బు పెట్టేవాడికి విదేశంలో ఏ మోడల్ నడుస్తోందో ముందే తెలుసు. ఇప్పుడు కొత్త తరం ఇక్కడికి చాలా త్వరగా రావడానికి ఆ అనుభవం కూడా కారణమే.

వెనక సీటు

యూరప్‌లో లగ్జరీ సెడాన్ కొన్నవారు చాలావరకు తామే నడుపుతారు. చైనాలోనూ మన దగ్గరా యజమాని వెనక కూర్చుంటాడు. ఆడి చైనా కోసం 2000 ప్రాంతంలోనే ఏ6ను సాగదీసి పొడుగు మోడల్ చేసింది. ఆ మార్కెట్ పెద్దది కాబట్టి వేరే అచ్చుల ఖర్చు అక్కడే రాబట్టుకోవచ్చు. అచ్చులు ఉన్నాక, స్టీరింగ్‌ను కుడివైపుకు మార్చి మన దేశానికి ఇవ్వడం చిన్న ఖర్చు. మెర్సిడెస్ 2017లో ఈ-క్లాస్ పొడుగు మోడల్‌ను ఇక్కడికి తెచ్చింది అలాగే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మామూలు మోడల్ కంటే 140 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే 14 సెంటీమీటర్లు. ఆ పొడవంతా వెనక కూర్చున్నవారి మోకాళ్ల ముందే. బీఎండబ్ల్యూ 2021లో 3 సిరీస్‌కు 110 మిల్లీమీటర్లు కలిపి ఇదే దారి పట్టింది.

గుంటూరు నుంచి హైదరాబాద్‌కు కేసు పని మీదో, ఆస్పత్రి పని మీదో డ్రైవర్‌ను పెట్టుకుని పొద్దున్నే బయలుదేరి రాత్రికి తిరిగొచ్చే డాక్టరుకు, లాయరుకు ఆ 14 సెంటీమీటర్లే అసలు ఫీచర్. గేరు లాగితే వచ్చే ఊపు గురించి బ్రోచర్లో రెండు పేజీలున్నా, వాళ్లు షోరూములో ముందు తీసేది వెనక డోరే. మన ఎండలకు వెనక ఏసీ ఎంత త్వరగా చల్లబరుస్తుందన్నదీ అక్కడే తేలుతుంది. కొనేవారి ఇష్టం తర్వాతి వరసలో ఉందని పైన చెప్పినా, ఇక్కడ మాత్రం అది కారు కొలతనే మార్చింది. చైనా ముందే ఖర్చు మోసింది కాబట్టి మార్చగలిగింది.

కోటా వస్తే ఏ కారు వస్తుంది

2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో అక్కడి కార్ల మీద సుంకాన్ని కోటా పరిమితిలో, అంటే ఏడాదికి ఇన్ని కార్ల వరకే, 10 శాతానికి తగ్గించాలని ఉంది. 2026 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో ముగిసిన చర్చల్లోనూ కార్లకు ఇలాంటి కోటా పద్ధతే ఉంది. దీంతో విదేశీ కార్లన్నీ చవకవుతాయన్న ఆశ విస్తరించింది. కోటా పనిచేసే తీరు తెలిస్తే ఆ ఆశ కొంత తగ్గుతుంది.

1981లో అమెరికా ఒత్తిడి మీద జపాన్ ఆ దేశానికి తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16 లక్షల 80 వేలకు పరిమితం చేసుకుంది. పరిమితి సంఖ్య మీద, విలువ మీద కాదు. ఓడలో చోటు ఇన్ని కార్లకే అన్నప్పుడు, కారుకు ఎక్కువ మిగిలే మోడల్‌నే ఎక్కించడం వ్యాపారి సహజ లక్షణం. జపాన్ కంపెనీలు మెల్లగా పై తరగతికి జరిగాయి. హోండా 1986లో అక్యూరా, టొయోటా 1989లో లెక్సస్, నిస్సాన్ అదే ఏడాది ఇన్ఫినిటీ పేర్లతో లగ్జరీ బ్రాండ్లు తెచ్చాయి. చవక కార్లను అడ్డుకోవడానికి పెట్టిన పరిమితి ఖరీదైన జపాన్ కార్లు పుట్టడానికి తోడ్పడింది.

మన కోటాలోనూ ముందుగా నిండేది పెద్ద రేంజ్ రోవర్లు, స్పోర్ట్స్ కార్లు, ఇక్కడ బిగించడానికి గిట్టనంత అరుదైన మోడళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. 40, 50 లక్షల తరగతిలో పుణే, చెన్నైలలో ఇప్పటికే 15 శాతంతో భాగాలు తెచ్చి బిగిస్తున్నారు కాబట్టి, అక్కడ తగ్గేది స్వల్పం.

వదిలిపోయేవారూ ఉంటారు

సెగ్మెంట్‌ను ఎంచుకునే హక్కుతో పాటు వదిలే హక్కూ కంపెనీదే. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పింది. విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని చెప్పినా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఆ కార్ల రేట్ల మీద ప్రభావం పడింది. ఆటోనగర్‌లో బయటి మెకానిక్ ఎకోస్పోర్ట్‌ను బాగుచేయగలడు, పాత పార్టులు వెతికి తేగలడు. లగ్జరీ కారులో సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. అందుకే ఆ తరగతిలో కంపెనీ ఉంటుందా, దగ్గర్లో సర్వీసు సెంటర్ ఉంటుందా అన్న ప్రశ్న ధర కంటే ముందు రావాలి.

హ్యుందాయ్ తన లగ్జరీ బ్రాండు జెనెసిస్‌ను 2015లోనే మొదలుపెట్టినా మన దేశానికి తేలేదు. 2027 నాటికి తెస్తామని, ఇక్కడే బిగిస్తామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. మామూలు హ్యుందాయ్ షోరూములోనే ఒక మూల పెడతారా, నెక్సా తరహాలో వేరుగా కడతారా అన్నది చూడాలి. వేరుగా కడితే మొదటి వరసలో ఉండేవి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాలే. అప్పుడు విజయవాడలో కొన్నవారు సర్వీసు కోసం 275 కిలోమీటర్లు పోవాలి. మొదటి ఏడాది ఇక్కడి నుంచి ఎన్ని బుకింగులు వెళ్తాయో, వాటిని బట్టే ఆ దూరం తగ్గుతుంది.